రెండు వేళ్ల వదులు

టైలరమ్మ మితభాషి అని వీధివీధంతా అనుకునేది. శుద్ధ అబద్ధం. ఆమె నోట్లో ఎప్పుడూ నాలుగైదు గుండుసూదులు ఉండేవి, అంతే. ఎవరైనా ప్యాంటు పొట్టి చేయించుకోవడానికి వస్తే మోకాళ్ల మీద కూర్చుని, సూదులు పెదవుల మధ్య బిగించి, మడత దగ్గర ఒక్కొక్కటే తీసి గుచ్చేది. అప్పుడు మాట కలిపినవాళ్లకి "ఊఁ", "ఊఁహూఁ" తప్ప ఇంకేం దక్కేది కాదు. మొగుడు పోయి పదకొండేళ్లు. పిల్లల్లేరు. సూదులు తీసి మాట్లాడదామంటే ఇంట్లో వినే ప్రాణి లేదు. అందుకని రానురాను పని లేనప్పుడు కూడా ఆమె సూదులు తీయడం మానేసింది.

ఆమె కొత్త బట్టలు కుట్టదు. ఉన్నవాటిని సరిచేస్తుంది. లావెక్కినవాళ్ల నడుములు వదులు చేయడం, చిక్కినవాళ్లవి బిగించడం, చిరిగిన జేబులు మార్చడం. వీధి వైపు గదిలో కుట్టుమిషను, ఇస్త్రీ బల్ల, నిలువుటద్దం. వెనక గదిలో మంచం, పొయ్యి. ముప్పై ఏళ్లుగా ఆమెకొక పట్టింపు ఉంది: ఎంత పొట్టి చేయమన్నా సరే, లోపల రెండు వేళ్ల బట్ట వదిలి మడత వేస్తుంది. "కత్తిరించి పారెయ్యండి, అదెందుకు దండగ" అని ఎవరైనా అంటే మాత్రం సూదులు చేతిలోకి తీసుకుని, "మనిషి ఎప్పుడూ ఒకేలా ఉండడు కదండీ. రేపు కావాలంటే ఎక్కణ్ణించి తెస్తాం?" అనేది. మళ్లీ సూదులు నోట్లోకి వెళ్లిపోయేవి.

అలాంటి ఇంటికి ఒకరోజు తమ్ముడు కుక్కని ఎత్తుకొచ్చాడు.

తమ్ముడు గూడ్సు రైలు గార్డు. పెళ్లీ పెటాకులూ లేవు. అతనికున్నదల్లా ఆ కుక్కే. బారెడు ఒళ్లు, బెత్తెడు కాళ్లు, దాని పేరు దొర. నడిచేటప్పుడు ఛాతీ ముందుకు పెట్టి వీధంతా తనదే అన్నట్టు నడిచేవాడని పెట్టిన పేరు. మూడు రోజుల కిందట పొద్దున్నే మంచం మీంచి దూకాడు. అంతే, వెనక కాళ్లు రెండూ చచ్చుబడ్డాయి. వెన్నుపూసల మధ్య ఉండే మెత్తటి బిళ్ల ఒకటి జారి నరాన్ని నొక్కుతోందని చెప్పి డాక్టరమ్మ ఆపరేషన్ చేసి తీసేసింది. వీపు మీద జానెడు మేర బొచ్చు గీసేసి, కుట్లు వేసి ఉన్నాయి. కుట్లు వరసగా, ముచ్చటగా ఉన్నాయని టైలరమ్మ మొదట గమనించింది. దొర కళ్లు తర్వాత చూసింది.

"మూడో అంతస్తక్కా మాది, లిఫ్టు లేదు. నేనేమో నాలుగు రోజులకోసారి ఇంటి మొహం చూసేవాణ్ణి," అన్నాడు తమ్ముడు. "ఆరు వారాలు చూసుకో. నడిస్తే తీసుకెళ్లిపోతా."

"నడవకపోతే?"

తమ్ముడు దొర చెవులు నిమిరాడు. "నడవకపోతే ఆ మెట్లతో నేనెలా పెంచనే? నీ దగ్గరే ఉంచుకోవాలి మరి."

ఆ మాట అక్కడ పడేసి డ్యూటీకి వెళ్లిపోయాడు.

డాక్టరమ్మ చెప్పిన పనులు తక్కువేం కాదు. రోజంతా చువ్వల బోనులోనే ఉంచాలి. నాలుగు పూటలా పొట్ట కింద మెల్లగా నొక్కి ఒంటికి పోయించాలి, ఎందుకంటే తనంతట తను పోసుకోలేడు. వెనక కాళ్లు వంచుతూ చాపుతూ ఉండాలి. కుట్లు తీశాక పొట్ట కింద ఒక పట్టీ వేసి, నడుం ఎత్తిపట్టి, పూటకి అయిదేసి నిమిషాలు నడిపించాలి. "వేలు గిల్లితే తల తిప్పి చూస్తున్నాడు. స్పర్శ ఉంది. నడిచే అవకాశం బాగానే ఉంది. కానీ ఈ ఆరు వారాల్లో కాళ్ల మీద బరువు మోపడం అలవాటు కావాలి. లేదంటే కండ కరిగిపోతుంది, ఆ తర్వాత కష్టం," అంది.

మొదటి రోజు టైలరమ్మ భయపడుతూ నొక్కితే దొర ఒళ్లంతా బిగబట్టుకున్నాడు. బుజ్జగించాలి. సూదులు నోట్లో పెట్టుకుని ఎవరినైనా ఎలా బుజ్జగిస్తారు? తీసి మిషను మీదున్న సూదుల దిండుకి గుచ్చింది. "ఒరే దొరా, సిగ్గుపడకురా, మా ఆయన జబ్బు పడ్డప్పుడు ఆయనకీ నేనే చేశాను," అంది. పదకొండేళ్లలో మొగుడి గురించి పైకి అన్న మొదటి మాట అది. దొర ఒళ్లు వదులు చేశాడు, పని అయ్యింది.

ఇక ఆ నోటికి అడ్డూ ఆపూ లేకుండా పోయింది. పొద్దున కాళ్లు వంచుతూ నిన్న వచ్చిన బ్యాంకు మేనేజరు నడుం కొలత చెప్పేది. "రెండంగుళాలు పెరిగిందిరా, ఒప్పుకోడు, ఉతికితే ప్యాంటే కుంచించుకుపోయిందంటాడు." మధ్యాహ్నం అన్నం తింటూ మొగుడి గురక ఎలా ఉండేదో చేసి చూపించేది. దొర బోనులో గడ్డం పెట్టుకుని అన్నీ వినేవాడు. బట్టలు ఇవ్వడానికి వచ్చినవాళ్లు "టైలరమ్మ గారు ఇంత మాట్లాడతారా!" అని నోళ్లు వెళ్లబెట్టారు. ఆమెకి సంతోషంగా ఉండేది. దాచడమెందుకు, చాలా సంతోషంగా ఉండేది.

కుట్లు తీశాక పట్టీ తనే కుట్టింది. కోటు లోపల వేసే గట్టి గుడ్డ, పైన మెత్తటి ఫ్లానెలు, రెండు చేతిపిడులు. దొరకి నాలుగుసార్లు కొలత తీసి, కచ్చా కుట్లు వేసి తొడిగి చూసి, విప్పి మళ్లీ కుట్టింది. అంత అతికినట్టు ఆమె జన్మలో ఏదీ కుట్టలేదు. వేలు దూరే సందు లేదు. పిడులు పట్టుకుని ఎత్తితే వెనక కాళ్లు నేలకి అలా తగిలీ తగలనట్టు తేలేవి. ముందు కాళ్లతో దొర, వెనక ఆమె, మంచం దగ్గర్నుంచి వీధి గుమ్మం దాకా వెళ్లి వచ్చేవాళ్లు. ఒక్కసారి కూడా పడనివ్వలేదు.

తమ్ముడు ఆదివారం ఆదివారం ఫోన్ చేసేవాడు. "ఏమన్నా కదిలాడా అక్కా?"

"అలాగే ఉన్నాడురా," అనేది. ఆ మాటలో ఉండాల్సినంత దిగులు లేదని ఆమె చెవికే తెలిసేది.

అయిదో వారం దొరని బోనుతో సహా ఆస్పత్రికి తీసుకెళ్లింది. కసరత్తు చేయించే అమ్మాయి నడిపించి చూపించమంది. టైలరమ్మ గర్వంగా పట్టీ వేసి నడిపించింది. అమ్మాయి వెనకాలే కింద కూర్చుని పాకుతూ చూసి, నవ్వేసింది.

"ఆంటీ, పట్టీ భలే కుట్టారు. కానీ దొర నడవట్లేదు, మీరు మోస్తున్నారు. కొంచెం వదలండి. బరువు పడాలి, కాళ్లు తడబడాలి. పడనివ్వండి పర్లేదు, మెత్తటి చోట పడితే ఏం కాదు. మీరు ఇలా పట్టుకున్నన్నాళ్లూ వాడి కాళ్లకి పనేముంటుంది చెప్పండి?"

టైలరమ్మ మొహం ఎర్రబడింది. ఇంటికొచ్చి దొరని బోనులో పడుకోబెట్టి, పట్టీ తిరగేసి చూసింది. అంచు దగ్గర లోపల బట్ట లేదు. మొదలంటా కత్తిరించేసింది. ముక్కూ మొహం తెలియనివాళ్ల ప్యాంట్లలో కూడా రెండు వేళ్లు వదిలే మనిషి, వీడికి ఒక్క వేలు కూడా వదల్లేదు. తెలియక చేశానని చెప్పుకోవడానికి కాసేపు ప్రయత్నించింది. ముప్పై ఏళ్ల చెయ్యి తెలియక కత్తిరిస్తుందా? ఎవరినో దబాయించినట్టు ఆ చేతినే చూసుకుంది. "తప్పయిపోయిందిరా నాన్నా," అని బోను ముందు కూర్చుని ఏడ్చింది. దొర చువ్వల్లోంచి నాలుక చాపి ఆమె మోచెయ్యి నాకాడు.

ఆ సాయంత్రమే పట్టీ కుట్లు విప్పింది. అంచుకి వేరే ముక్క అతికి వదులు చేసింది. అతుకు ఎబ్బెట్టుగా కనిపించింది, కనిపించనీ అనుకుంది. గదిలో నున్నటి గచ్చు మీద పాత కంబళ్లు పరిచింది.

తర్వాతి పది రోజులూ దొర పడటం, ఆమె కళ్లు మూసుకోవడం. వెనక భాగం ఓ పక్కకి ఒరిగిపోయేది, పాదం మడతపడి గోళ్లు ఈడ్చుకుపోయేవి. ఆమె వంగి పాదం సరిగ్గా పెట్టి, "మళ్లీ," అనేది. మూడో రోజు లెక్కపెట్టినట్టు రెండు క్షణాలు నిలబడ్డాడు. ఆరో రోజు తోక కొంచెం ఊగింది. ఆ ఆదివారం ఫోన్‌లో "తోక ఊపాడురా" అని తమ్ముడికి చెప్పి, చెప్పాక చాలాసేపు మిషను ముందు ఊరికే కూర్చుంది.

తమ్ముడు రేపు వస్తాననగా ఈరోజే వచ్చాడు. ఆమె పట్టీ పట్టుకుని దొరని గది మధ్యలో నిలబెట్టి ఉంది. వీధిలో దగ్గు వినిపించింది. రైలు పొగకీ దుమ్ముకీ పట్టుకున్న దగ్గు, దొరకి బాగా తెలిసిన దగ్గు. దొర చెవులు లేచాయి. ముందుకు తూలాడు. ఎడమ పాదం ఈడ్చుకుంటూ, నడుం తాగినవాడిలా ఊగుతూ, ఒకటి, రెండు, నాలుగు, ఏడు అడుగులు. టైలరమ్మ వంగి వెనకే పరిగెత్తింది. పట్టీ ఆమె చేతుల్లో వేలాడుతోంది, దానిలో బరువేమీ లేదు.

"అక్కా! నడుస్తున్నాడే!" గుమ్మంలో మోకాళ్ల మీద కూలబడి తమ్ముడు ఏడుస్తున్నాడు. దొర అతని మొహమంతా నాకుతున్నాడు. ఆమె కూడా ఏడ్చింది. తమ్ముడు ఆనందబాష్పాలనుకున్నాడు, సగం నిజమే.

వెళ్లేటప్పుడు "ఆ పట్టీ కూడా ఇవ్వక్కా, మెట్ల దగ్గర కావాలి," అన్నాడు. ఇచ్చింది.

మర్నాడు పది గంటలకి ఆమె కాలు మిషను తొక్కడం దానంతట అదే ఆపేసింది. దొరకి ఒంటికి పోయించే వేళ. లేచి వెనక గదిలోకి వెళ్లి, కంబళ్లు చూసి, తిరిగొచ్చి కూర్చుంది. కాసేపటికి బ్యాంకు మేనేజరు ఇంకో ప్యాంటు పట్టుకొచ్చాడు. ఆమె దిండుకి గుచ్చి ఉన్న సూదులు తీసి నోట్లో పెట్టుకుని అతని కాళ్ల దగ్గర కూర్చుంది.

"కుక్క ఏదండీ, కనిపించట్లేదు?"

టైలరమ్మ నోట్లో సూదులు ఒక్కొక్కటే అరచేతిలోకి తీసుకుంది. "నడిచి వెళ్లిపోయాడండీ," అంది.

మళ్లీ సూదులు పెట్టుకుని మడత కొలిచింది. రెండు వేళ్లు లోపలికి వదిలింది.