రంగత్తకు చదవని వాక్యం

తొమ్మిదేళ్ళుగా ఒక వాక్యం నా గొంతులో అడ్డం పడి ఉంది. మింగలేను, కక్కలేను. అది నేను అన్న మాట కాదు, అనకుండా దాటేసిన మాట. అన్న మాటైతే ఎదుటివాళ్ళు గొడవపడతారు, నాలుగు రోజులకు మర్చిపోతారు. అనని మాటను మర్చిపోదామన్నా అది వాళ్ళకు తెలియదు కదా. తెలిసినదాన్ని నేనొక్కదాన్నే.

మీరెవరో నాకు తెలియదు. నేనెవరో మీకు చెప్పను. ఊరి పేరూ చెప్పను. కోయంబత్తూరుకూ మదురైకీ నడుమ ఎక్కడో ఉందనుకోండి. పళనికి కాలినడకన పోయే భక్తులు మా బజారులో ఆగి మజ్జిగ తాగి వెళ్తారు. మాది తెలుగు వీధి. ఎన్ని తరాల కిందట వచ్చామో ఎవరికీ సరిగ్గా తెలియదు. ఇంట్లో తెలుగు మాట్లాడతాం, బడిలో తమిళం చదువుకుంటాం. తెలుగు అక్షరాలు మాత్రం వీధి మొత్తానికి నాకొక్కదానికే వచ్చు. ట్రైనింగ్ కాలేజీ హాస్టల్లో నా గదిలో ఉన్న చిత్తూరు పిల్ల నేర్పింది. అందుకే ఇది తెలుగులో రాస్తున్నాను. ఇక్కడెవరూ చదవలేరన్న ధైర్యంతో. చూశారా? ఒప్పుకోవడానికి కూర్చుని కూడా ముందు దాక్కునే చోటే వెతుక్కున్నాను.

ముప్పై ఏళ్ళు ఆడపిల్లల బడిలో ఆటల టీచరుగా పనిచేశాను. కబడ్డీ నేర్పాను. మా మైదానం అంటే గులకరాళ్ళ బయలు. మా పిల్లల మోకాళ్ళకు తోలు నిలిచేది కాదు. వాన పడితే ఆట లేదు, ఎండ ముదిరితే ఆట లేదు. అయినా ఆడించాను. విజిల్ పట్టుకుని గొంతు చించుకున్నాను. కూతకు వెళ్ళిన పిల్లను అవతలివాళ్ళు తాకారనుకోండి, అంపైరు చూడకపోయినా తనే చెయ్యెత్తి బయటికి రావాలి. ఇది నా మైదానంలో నేను పెట్టిన చట్టం. చెయ్యెత్తని పిల్లను వారం రోజులు ఆటలోకి రానిచ్చేదాన్ని కాదు. అంత ఖచ్చితమైన మనిషిని!

మా వీధిలో ఒక అలవాటు ఉంది. అది చెప్పకపోతే నేను చేసింది ఎంత తప్పో మీకు తెలియదు. సర్కారు కాగితం ఏది వచ్చినా, ఆడామగా అందరూ భజన మఠంలో చేరతారు. చదువుకున్నవాళ్ళు ఒకరు ముందు కూర్చుని, ఆ కాగితంలో ఏముందో తెలుగులో చెబుతారు. తమిళం చదవగలిగినవాళ్ళు కూడా కాగితం ముట్టుకోరు. ఇంటి మాటలో విన్నాకే అది వాళ్ళ లెక్కలో నిజం. మా అవ్వ అంటుండేది, బేరం అరవంలో చెయ్యి, ఒట్టు తెలుగులో పెట్టు అని. సంతలో ఎన్ని అబద్ధాలాడినా అవి సంతలోనే ఉండిపోతాయి, తెలుగులో ఆడితే ఇంట్లోకి వస్తాయి. చాలా ఏళ్ళుగా ఆ చదివే మనిషిని నేనే. పింఛను ఉత్తర్వులు, ఇంటి పన్ను నోటీసులు, కోర్టు సమన్లు అన్నీ చదివాను. ఒక్క అక్షరం అటూ ఇటూ చేయలేదు. ఆ ఒక్కసారి తప్ప.

ఆ కాగితం స్టేడియం గురించి. మా మునిసిపాలిటీ ఒక పెద్ద ఇండోర్ స్టేడియం కట్టాలనుకుంది. కడితే కబడ్డీ లీగ్ జట్టు ఒకటి మా ఊరిని తన సొంతూరు చేసుకుంటుందట. టీవీలో మా ఊరి పేరు వినిపిస్తుందట. హోటళ్ళు వస్తాయి, పిల్లలకు కోచింగ్ ఉంటుంది, మ్యాట్ మీద ఆడవచ్చు. వాళ్ళ చూపు పడ్డ స్థలం మా వీధి చివరిది. దానికి ఆనుకునే చిన్న సర్కారు ఆస్పత్రి ఉంది. ఆ ఆస్పత్రి స్థలం రంగత్త మామగారి తండ్రి ఊరికి దానమిచ్చినది. వైద్యానికి తప్ప ఇంకో పనికి వాడాలంటే ఆ ఇంటి పెద్ద సంతకం, వీధి సమ్మతి ఉండాలని దానపత్రంలో రాసి ఉంది. ఇప్పుడు ఆ ఇంటి పెద్ద రంగత్తే.

రంగత్త నాకు రక్తసంబంధం కాదు. వీధి వరసన అత్త. నాకు పదేళ్ళప్పుడు మా అమ్మ పోతే, ఏడాది పాటు పొద్దున్నే నా తల దువ్వి బడికి పంపింది ఆమె. ఇది ముందే చెప్పాల్సింది. ఎందుకో రాయబుద్ధి కాలేదు.

తమిళంలో అచ్చువేసి పంచిన కరపత్రంలో స్టేడియం బొమ్మ, జట్టు ముచ్చట మాత్రమే ఉన్నాయి. అసలు పథకం ఇంగ్లీషులో, లావుపాటి పుస్తకంగా ఉంది. మునిసిపాలిటీ ఆయన అది తెచ్చి నా చేతికిచ్చాడు. మొదటి రోజు ఆట మా బడి పిల్లలదేనని, నన్ను వేదిక మీద కూర్చోబెడతామని చెప్పి వెళ్ళాడు. ఆ మధ్యాహ్నం మొత్తం చదివాను. పద్నాలుగో పేజీలో ఉంది ఆ వాక్యం. ఆస్పత్రిని బైపాస్ రోడ్డు అవతలికి మారుస్తారు. దాని స్థలం స్టేడియం బండ్లు నిలపడానికి. దాని మరమ్మతుకు పక్కనపెట్టిన నిధి కూడా స్టేడియానికే.

మూడుసార్లు చదివాను. నాకు అర్థం కాలేదని ఎప్పుడైనా ఎవరితోనైనా అంటే నమ్మకండి. బాగా అర్థమైంది.

ఏం చేద్దామనుకున్నాను? అబద్ధం చెప్పాలనైతే అనుకోలేదు. ఆ పేజీ దాటేద్దామనుకున్నాను, అంతే. చెప్పకపోవడం అబద్ధమెట్లా అవుతుంది అని నాకు నేనే నచ్చజెప్పుకున్నాను. పిల్లల మోకాళ్ళు గుర్తు తెచ్చుకున్నాను. బైపాస్ ఎంత దూరం, పది నిమిషాలు కాదా అనుకున్నాను. (బండి ఉన్నవాళ్ళకు పది నిమిషాలు. అరవై అయిదు దాటిన ముసలమ్మకు రెండు బస్సులు, మధ్యలో లారీలు పరుగెత్తే రోడ్డు.) మనసు ఎంత తెలివైనదో చూడండి. తనకు కావలసింది కావాలంటే పిల్లల్ని ముందు నిలబెడుతుంది.

ఆదివారం పొద్దున మఠం నిండిపోయింది. నేను చదివాను. తెలుగులో, నిదానంగా, మంచి గొంతుతో. పదమూడో పేజీ అయ్యాక రెండు పేజీలు కలిపి తిప్పాను. ఎవరూ చూడలేదు. అంతా అయ్యాక, ముందు వరసలో గోడకానుకుని కూర్చున్న రంగత్త చెయ్యి పైకెత్తింది.

"ఏం కణ్ణూ, అంతా మంచిదే చెప్తుండావు. మన ఆస్పత్రి సంగతి ఏమైనా రాసిండాదా అందులో?"

"ఆస్పత్రికి ఏమీ కాదత్తా."

"నిజంగానా?"

"ఆమా అత్తా. దాన్నీ కొత్తగా కడతారు."

"శరి పో. నువ్వు మన మాటలో చెప్పినాక నాకింక కాగితం ఏంటికి? పేనా ఇయ్యి."

సంతకం పెట్టింది. పక్క స్థలంలో స్టేడియానికి ఒప్పుకోలు అనుకునే పెట్టింది, ఒక్కో అక్షరం కూడబలుక్కుని. ఆమె వెనకే వీధంతా పెట్టింది. దాటేద్దామని వెళ్ళినదాన్ని, రెండుసార్లు అడిగేసరికి రెండుసార్లు నోరు తెరిచి అబద్ధమాడాను. అదీ ఇంటి మాటలో.

స్టేడియం లేచింది. మొదటి రోజు నన్ను వేదిక మీద కూర్చోబెట్టారు, శాలువా కప్పారు. మా పిల్లలు మ్యాట్ మీద ఆడారు. పైకప్పు ఎగిరిపోయేంత ఈలలు. నేను ఏడ్చాను. సంతోషంతోనే ఏడ్చాను. ఆ రోజు నాకు ఏ పశ్చాత్తాపమూ లేదు. ఇదీ రాయాలి, లేకపోతే ఇది కూడా ఒక పేజీ దాటేసినట్టే.

ఆ తర్వాత మా పిల్లల్ని మళ్ళీ లోపలికి రానివ్వలేదు. మ్యాట్ పాడవుతుందన్నారు. జట్టు రెండు సీజన్లు ఆడింది. ఇంకో నగరంవాళ్ళు ఇంతకన్నా మంచి హాలు కట్టిచ్చారని వెళ్ళిపోయింది. జట్టును తప్పు పట్టలేను. వాళ్ళది వ్యాపారం, మేమే దాన్ని చుట్టరికం అనుకున్నాం. ఇప్పుడు ఆ హాలులో పెళ్ళిళ్ళు, సోఫాల ప్రదర్శనలు జరుగుతాయి. మా పిల్లలు మళ్ళీ గులకరాళ్ళ మీదే.

రంగత్తకు చక్కెర జబ్బు. కాలి బొటనవేలి దగ్గర పుండు పడింది. పాత ఆస్పత్రి ఉంటే రెండిళ్ళ అవతల, నర్సమ్మ రోజు మార్చి రోజు కడిగి కట్టు కట్టేది. బైపాస్ అవతలికి ఎవరు తీసుకుపోతారు? కోడలు మిల్లులో షిఫ్టు పనికి పోతుంది. అత్త వారానికోసారి పోయేది, తర్వాత అదీ మానేసి ఇంట్లోనే పసుపు పెట్టుకుంది. నేను పక్క వరసలోనే ఉన్నాను. నాకు స్కూటర్ ఉంది. ఎందుకు తీసుకుపోలేదు? ఆమె కాలు చూడటానికి నాకు మొహం లేకపోయింది. అప్పటికి తప్పు ఒకటే, దాన్ని దాచడానికి ఇంకొకటి చేశాను. చివరికి పుండు ముదిరి, ఆ కాలు మోకాలి కింద వరకు తీసేశారు.

వీధిలో కొందరు నన్ను అనుమానించారు. ఆస్పత్రి పోతుందని టీచరమ్మకు తెలియకుండా ఉంటుందా అన్నారు. తెలుసు అనడానికి అదే సమయం. నేను నోరు విప్పేలోగా రంగత్త మంచం మీంచి వాళ్ళ మీద లేచింది. "అది ఏం చేస్తాది పావం! దాన్నీ ఏమార్చిండారు. నా బిడ్డ మనకాడ అబద్ధం చెప్పదు" అంది. లేని కాలి వైపు దుప్పటి సర్దుకుంటూ అంది. ఆ మాట చాటున నేను ఇప్పటికీ బతుకుతున్నాను. ఆమె తిట్టి ఉంటే ఎప్పుడో చెప్పేసేదాన్నేమో. ఇదీ సాకేనా? సాకే.

ఊరికి ఆట వద్దా అని ఇప్పటికీ నన్ను నేను అడుగుతుంటాను. కావాలి. కూడు, మందు మాత్రమే ఊరు కాదు. ఆడపిల్లలు పరుగెత్తడానికి ఒక నీడపట్టు ఉండటం దండగ అని నేను చచ్చినా అనను. కానీ ఆస్పత్రిని ఇచ్చి ఆటను తెచ్చుకోవాలా అన్నది తేల్చుకోవలసింది ఆ రోజు మఠంలో కూర్చున్నవాళ్ళు. ఆ పేజీ విని కూడా ఒప్పుకునేవారేమో! రంగత్త నవ్వి, పోనీ పిల్లలు ఆడుకుంటారులే అని సంతకం పెట్టేదేమో. ఆమె అలాంటి మనిషే. అప్పుడు ఆ కాలు ఊరి కోసం ఆమె ఇచ్చింది అయ్యేది. ఇప్పుడు అది నేను తీసుకున్నది.

నిన్న ఇంకో కాగితం వచ్చింది. వేరే లీగ్, వేరే జట్టు. స్టేడియానికి ఏసీ పెట్టి, కుర్చీలు పెంచితే వస్తారట. వీధి అభిప్రాయం అడుగుతున్నారు. పథకం మళ్ళీ ఇంగ్లీషులోనే. నిధి ఎక్కడి నుంచి అంటే, మా పేటకు రావలసిన మురుగుకాలువల పని ఆపి. పదకొండో పేజీలో ఉంది. రంగత్త కోడలే ఆ పుస్తకం తెచ్చి నా బల్ల మీద పెట్టి, ఎల్లుండి పది గంటలకు మఠంలో కూట్టం, నువ్వు చదివితే శరి అని అత్త చెప్పింది అని వెళ్ళింది.

ఈసారి చదువుతాను. ప్రతి పేజీ చదువుతాను. అది కష్టం కాదు. అసలు కష్టం నాకు ఇవాళ పొద్దున తట్టింది. పదకొండో పేజీ చదివితే వీధి నన్ను మెచ్చుకుంటుంది. పోయినసారి మోసపోయింది, ఈసారి పట్టేసింది మన టీచరమ్మ అంటారు. రంగత్త అందరికన్నా ముందు అంటుంది. నిజం చదివి పాత అబద్ధానికి ఇంకో శాలువా కప్పించుకున్నదాన్ని అవుతాను. కాబట్టి పద్నాలుగో పేజీ ముందు, పదకొండో పేజీ తర్వాత. వేరే దారి లేదు.

ఆమె క్షమిస్తుందని నేను అనుకోవడం లేదు. క్షమించమని అడగను కూడా. అడిగితే కాదనలేదు, అది నాకు తెలుసు, తెలిసి అడగడం ఇంకో మోసం. నన్ను ఇంక కాగితాలు చదవనివ్వకపోవచ్చు. మంచిదే. నా మైదానంలో ఒక వారం. ఇక్కడ ఎన్నాళ్ళో వాళ్ళు చెప్పాలి.

రేపు నోరు పెగులుతుందో లేదో మాట ఇవ్వలేను. రెండుసార్లు పిరికితనం చూపినదాన్ని మూడోసారి చూపనని ఎట్లా చెప్పను? కానీ ఇప్పుడే, ఇది రాస్తూ రాస్తూ ఆగి, వంటింట్లోకి పోయి నిలబడి ఆ మాటను పైకి అన్నాను. పొయ్యి మీద చారు మరుగుతోంది. ఎవరూ లేరు. మొదటిసారి గొంతు రాలేదు, రెండోసారి వచ్చింది. తొమ్మిదేళ్ళ తర్వాత నా చెవులు దాన్ని తెలుగులో విన్నాయి. మీరూ వినండి. వచ్చి, ఇది రాస్తున్న నోటుపుస్తకం ముందు కూర్చున్నాక, మొదటిసారి ఊపిరి నిండుగా వచ్చింది.

"అత్తా, ఆ పొద్దు కాగితంలో ఇంకో వరస ఉండె. మన ఆస్పత్రిని బైపాస్ అవతలికి మారుస్తామని రాసిండారు. నేను చదివితిని. నువ్వు రెండుతూరి అడిగితివి. నేను చెప్పలేదు."