పీచు కోసం ఉంచిన బీరకాయ

అత్తగారికి పెరడే అంగడి. కుట్టుమిషను తొక్కుతూనే కిటికీలోంచి మొక్కల మీద ఓ కన్నేసి ఉంచుతుంది. మందారాకు రుబ్బి తలకు రుద్దుకుంటుంది. వావిలాకు మరిగించిన నీళ్లతో నడుముకు కాపడం పెట్టుకుంటుంది. దడి మీద ఒక్క బీరకాయను మాత్రం గిన్నెలు తోమే పీచు కోసం ముదరనిస్తుంది. దాని మీద ఎవరైనా చెయ్యి వేస్తే అగ్గిమీద గుగ్గిలమే. మొన్న కొత్త కోడలి అన్న చెప్పాపెట్టకుండా భోజనానికి దిగాడు. కోడలు కంగారులో ఆ కాయనే కోసి కూర వండేసింది. అతను నమిలాడు, నమిలాడు, మింగలేక గుడ్లు తేలేశాడు. కోడలి ముఖాన కత్తివేటుకు నెత్తురు చుక్క లేదు. అత్తగారు తనూ ఓ ముక్క నోట్లో వేసుకుని తాపీగా నమిలింది.

"ఉప్పూ కారం బాగా కుదిరాయే అమ్మాయ్," అని అతని వైపు తిరిగింది. "బాబూ, రసం పీల్చి పీచు పక్కన పెట్టు. చెప్పకుండా వచ్చావుగా, దాంతోనే గిన్నెలు తోమి వెళ్దువుగాని!"