గుర్రుపెట్టేవాడికి నిద్ర ఉండదా?

నాకు నిద్ర పట్టట్లేదని ఎన్నాళ్లుగానో మొత్తుకుంటున్నాను. "గుర్రుపెట్టి నిద్రపోతారు, ఇంకేం నిద్ర కావాలండీ మీకు?" అని మా ఆవిడ ఒక్క మాటతో కొట్టిపారేసేది.

ఈ రోజు బందరులో డాక్టరుగారి దగ్గరా అదే చెప్పింది. ఆయన విని, "అది హాయిగా నిద్రపోయే చప్పుడు కాకపోవచ్చమ్మా, గాలాడక పడే పెనుగులాట. ఊపిరి ఆగినప్పుడల్లా మెలకువ వస్తుంది, మళ్లీ నిద్ర పట్టదు. గురక జబ్బు, నిద్రలేమి రెండూ కలిసే ఉండొచ్చు. పరీక్ష చేద్దాం. అప్పటిదాకా సొంతంగా నిద్రమాత్రలు మాత్రం వాడొద్దు" అన్నారు. మాత్రలేస్తే ఊపిరి ఇంకా ఆగుద్దని మా ఆవిడే అడిగి తెలుసుకున్నాక మా కోడూరు బస్సెక్కాం.

ఇంటికొచ్చేసరికి మా ఆవిడ అన్నయ్య అరుగు మీద ఉన్నాడు. సంగతి విని పకపకా నవ్వి, జేబులోంచి నిద్రమాత్రల అట్ట తీశాడు.

"సగం వేసుకో బావా. గుర్రుపెట్టేవాడికి నిద్ర లేదంటే ఎవడన్నా నమ్ముతాడా?"

"నమ్మకపోతే ఓ రాత్రి నా పక్కన పడుకో బావా. ఇద్దరం మేలుకునే ఉంటాం. ఆ మాత్ర మాత్రం నాకొద్దు."

"సగానికే ఏమవుద్ది?"

"ఊపిరి ఆగుద్ది," అంది మా ఆవిడ, అట్ట లాక్కుని అతని జేబులోనే కుక్కుతూ. "ఆయనకి నిద్ర లేదంటే లేదు. ఇంక నవ్వమాక అన్నయ్యా."

ఇన్నేళ్ల కాపురంలో ఆవిడ నా పక్షాన మాట్లాడటం ఇదే మొదలు.

రాత్రి నిద్రలో చేసే ఆ పరీక్షకి ఒంటికి వైర్లు తగిలిస్తారట. తగిలించుకుంటాను, నవ్వేవాళ్లు నవ్వుకోండి. గుర్రుపెడుతూ కూడా నిద్రలేనివాళ్లం ఈ దివిసీమలో ఇంకెంతమందిమి ఉన్నామో, సిగ్గుపడకుండా చెయ్యెత్తండి.