సాతంరాయి బండ మీద నా జాతీయ మ్యూజియం

ముందుగా దేశ ప్రజలకు ఒక మనవి. కొత్త జాతీయ మ్యూజియం భవనాన్ని నేను డిజైన్ చేశాను. ప్రభుత్వానికి ఈ సంగతి ఇంకా తెలియదు. ఆర్కిటెక్చర్ చివరి ఏడాదిలో ప్రతి విద్యార్థీ ఒక పెద్ద భవనాన్ని కాగితం మీద కట్టి, జ్యూరీ ముందు, అంటే బయటి నుంచి వచ్చే పరీక్షకుల ముందు, నిలబడి సమర్థించుకోవాలి. మావాళ్ళు బస్టాండు, ఆసుపత్రి లాంటివి తీసుకుంటే, నేను వినయంగా జాతి వారసత్వాన్ని తీసుకున్నాను. స్థలం కూడా నేనే మంజూరు చేసుకున్నాను. విమానం దిగినవాడికి దగ్గరగా ఉండాలని, శంషాబాద్ విమానాశ్రయం దగ్గరి సాతంరాయి పక్కన ఉపగ్రహ చిత్రంలో కనిపించిన బూడిదరంగు మైదానం ఎంచుకున్నాను. నేల కింద రెండంతస్తుల గ్యాలరీలు, పడమటి వైపు నిలువెత్తు గాజు గోడ. పద్దెనిమిది షీట్లు పూర్తయ్యాయి. జ్యూరీ సోమవారం. బుధవారం మా గైడ్ మేడమ్ షీట్లన్నీ తిరగేసి, సైట్ ఫొటోలు లేకపోతే జ్యూరీలో నిలబడనివ్వనన్నారు. నిలబడకపోతే ఏడాది పోతుంది. ఈ యాత్రకు కారణం అదే.

గురువారం ఉదయం పదిన్నరకు బడంగ్‌పేట్‌లో మా ఇంటి నుంచి బయలుదేరాను. చాంద్రాయణగుట్ట దాకా షేర్ ఆటో, అక్కడి నుంచి ఆరాంఘర్‌కు ఇంకొకటి, ఆరాంఘర్‌లో బెంగళూరు హైవే మీదుగా శంషాబాద్ వెళ్ళే సిటీ బస్సు. అంతా కలిపి వంద లోపే అయింది, గంటన్నర పట్టింది. సాతంరాయిలో దిగి ఖాజా భాయ్ అనే ఆయన ఆటో మాట్లాడుకున్నాను. వెళ్ళిరావడానికి, అక్కడ ఆగడానికి కలిపి మూడొందలు. ఫోన్‌లో నా స్థలం చూపించాను.

"గిక్కడ ఏమున్నది భాయ్?" అన్నాడు.

"ఇప్పుడేం లేదన్నా. మ్యూజియం వస్తది."

"అంటే పాత సామాన్లు పెట్టేదే గదా. మా అమ్మీ ఇరవై ఏండ్ల సంది ఒక్క డబ్బా పారెయ్యలే. జర ఎప్పుడు తెరుస్తవో చెప్పు, ఆటోల ఏస్కొస్త."

మట్టిరోడ్డు మలుపు తిరిగి ఆటో ఆగింది. ఎదురుగా నా మైదానం, మూడంతస్తుల ఎత్తున నిలబడి ఉంది. అది ఒకే ఒక్క పెద్ద బండ, పడుకున్న ఏనుగు వీపులా నున్నగా. పైనుంచి చూస్తే గుట్ట కూడా చదునుగానే కనిపిస్తుందని ఐదేళ్ళ చదువులో ఎవరూ చెప్పలేదు. చెప్పిన రోజు నేను క్లాసుకు వెళ్ళి ఉండకపోవచ్చు.

అయినా ధైర్యం కోల్పోలేదు. పైకెక్కి నలుదిక్కులా ఫొటోలు తీశాను. చెప్పుల్లోంచి అరికాళ్ళు కాలుతున్నాయి. రెండింటికి తూర్పు వైపు దిగితే, అక్కడ నీడలో ఒక పెద్దాయన కంచెకు పాతే రాతి కడీలు చెక్కుతున్నాడు. పేరు ఎల్లయ్య. ఖాజా భాయ్ అప్పటికే ఆయన పక్కన చేరి బీడీ వెలిగించాడు.

"ఏం ఫొటోలు తీస్తున్నవ్ బిడ్డా? ప్లాట్లు జేస్తరా ఏంది?" అన్నాడు ఎల్లయ్య.

"లేదు బాపూ. మ్యూజియం."

"అండ్ల ఏం పెడతవ్?"

"పాత శిల్పాలు, శాసనాలు, రాతియుగం పనిముట్లు."

"అన్నీ రాళ్ళేనా?"

"చానవరకు."

"మరి గీ బండ?"

"పేల్చాలె. కింద రెండంతస్తులు వస్తయి."

ఆయన సుత్తె కింద పెట్టాడు. "గింత రాయి తీసి పారేసి, చిన్న చిన్న రాళ్ళు తెచ్చి పెడతవన్నట్టు. మళ్ళ వాటిని చూస్తందుకు టికెట్ గూడ పెడతవు."

"నాకు టికెట్ మాఫ్ చెయ్ భాయ్," అన్నాడు ఖాజా భాయ్.

నేను లొంగలేదు. సోమవారమే పరీక్ష అని చెప్పి, పై పొర తీసేస్తే కింద మెత్తగా ఉండవచ్చు కదా అన్నాను. ఎల్లయ్య లేచి, బండ మీద మూడు చోట్ల సుత్తెతో కొట్టి, చెవి ఆనించి విన్నాడు. నన్నూ వినమన్నాడు. గంటలా ఖంగుమంది. తర్వాత అంచున కొట్టాడు. అక్కడ బొంగురుగా వచ్చింది.

"బొంగురున్న కాడ సందు ఉంటది, గక్కడ చీలుతది. మోగిన కాడ ఏకబండ. నలభై ఏండ్ల సంది అంచుల్నే తింటున్న, లోపలికి పోలే. నువ్వు సోమవారం లోపట పోతనంటే పో."

జొన్నరొట్టె సగం విరిచి నా చేతిలో పెట్టాడు. గోడలా లేచిన బండకు వీపు ఆనించి కూర్చున్నాను. చల్లగా ఉంది. పొద్దు నెత్తి మీంచి దాటాక ఊరివాళ్ళెవరైనా ఇటే కూర్చుంటారని, పడమటి ఎండంతా బండే మోస్తుందని ఆయన చెప్పాడు. సరిగ్గా ఆ ఎండకు ఎదురుగానే నేను నిలువెత్తు గాజు గోడ పెట్టాను. దేశ ప్రజలు టికెట్ కొని లోపలికి వచ్చి ఉడికిపోయేవారు. రొట్టె తినడం అయ్యేలోపు, వెంట తెచ్చుకున్న పద్దెనిమిదో షీటు వెనకవైపు కొత్త ప్లాన్ గీశాను. తవ్వకం లేదు, గాజు లేదు. తూర్పు నీడలో బండను ఆనుకుని ఒకే అంతస్తు గ్యాలరీలు, బండే వాటి వెనక గోడ.

నాలుగు రాత్రులు, తొమ్మిది షీట్లు. సోమవారం పరీక్షకుడొకాయన మొదటి గ్యాలరీ మీద వేలు పెట్టి, ఇక్కడ ఏ వస్తువూ చూపించలేదేమని అడిగారు. "ఆ బండ గోడే సార్. అది మనకన్నా ముందే వచ్చింది," అన్నాను. ఆయన నవ్వలేదు, రాసుకున్నారు. నేను పాసయ్యాను.

భవనం అంటే మనం తెచ్చి పెట్టేదనుకున్నాను. నిజానికి సగం అక్కడే ఉంటుంది, దాన్ని చెడగొట్టకపోవడమే చదువు. పద్దెనిమిది షీట్లు పోయినందుకు బాధ లేదు, తొమ్మిదితో పని అయిపోతుందని తెలియనందుకే కొంచెం సిగ్గు. మీరూ ఏదైనా కట్టబోయే స్థలం చూడ్డానికి వెళ్తే ఒక్క సలహా: చల్లగా ఉంటుందని పొద్దున్నే వెళ్ళకండి. లీటరు నీళ్ళు పట్టుకుని మధ్యాహ్నం రెండింటికి చేరండి. ఆ ఎండలో అక్కడివాళ్ళు ఎక్కడ కూర్చున్నారో చూసి, మొదటి గీత అక్కడి నుంచి గీయండి.