కత్తిరించిన కొల్లేరు

మా పక్కింటి వీడియో బాబాయిగారు మొన్న మంగళవారం పొద్దున్న పోయారు. రెండిళ్ళకీ మధ్య గోడే అడ్డం. అయినా ఆఖరి చూపుకి నేను వెళ్ళింది అయిదు నిమిషాలు. పక్షవాతంతో మంచాన పడ్డ మా అత్తగారిని అంతకన్నా ఎక్కువసేపు ఒంటరిగా వదలలేను. మూడేళ్ళుగా నాకు తాడేపల్లిగూడెం అంటే ఈ రెండు గదులూ, ఒక కిటికీనూ.

పెంటపాడు నుంచి ఆకివీడు దాకా పెళ్ళిళ్ళకి వీడియోలు తీసిన మనిషి ఆయన. "గోడలు చూస్తూ కూర్చుంటే మనసు పాడవుద్దమ్మా, ఎడిటింగ్ నేర్చుకో" అని మా పాత కంప్యూటర్‌లో సాఫ్ట్‌వేర్ ఎక్కించారు. ఆ మాట అనకపోయుంటే నాకీపాటికి పిచ్చెక్కేది.

మొదటి పాఠం ఆయన తీసిన మా పాప పుట్టినరోజు. క్లిప్పులన్నీ తెర అడుగున టైమ్‌లైన్ అనే పట్టీ మీద వరసగా పేర్చాను. ఇక లోపలికి వెళ్ళిపోయాయి కదా అని, కూర గిన్నెలోకి తీశాక మూకుడు కడిగేసినట్టు, ఫోల్డర్‌లోవన్నీ చెరిపేశాను. మర్నాడు తెరిస్తే క్లిప్పుల చోట అన్నీ ఎర్ర గళ్ళే. ఏడుపొక్కటే తక్కువ నాకు. ఆయన తిట్టలేదు. పని పూర్తయ్యేదాకా కెమెరాలోని మెమరీ కార్డు చెరపని అలవాటు ఆయనది. చొక్కా జేబులోంచి తీసి మళ్ళీ ఎక్కించారు.

"అసలు ఫైలు ముట్టుకోకమ్మా. టైమ్‌లైన్ మీద ఎంత కోసినా ఏమీ పోదు. క్లిప్పు అంచు పట్టుకుని లాగితే కోసిన ముక్క మళ్ళీ వస్తుంది" అన్నారు.

ఇంత దగ్గరుండి కొల్లేరు చూడలేదు, ఏం బతుకండీ ఇది అని ఒకసారి ఆయన దగ్గర విసుక్కున్నాను. ఆ ఆదివారమే బస్సెక్కి వెళ్ళి, పడవలోంచి నీళ్ళూ గూడబాతులూ తీసుకొచ్చి నా ముందు పెట్టారు. అత్తగారి నిద్ర చెడుతుందని స్పీకర్ ఎప్పుడూ ఆపే ఉంచుతాను. చివర్న కెమెరా కుదుపులు కనబడితే పూర్తిగా చూడకుండానే కోసేశాను. ఆయన చూసి, శుభ్రంగా ఉందన్నారు.

నిన్న వాళ్ళమ్మాయి వచ్చి, పెద్దకర్మ రోజు టీవీలో వేయడానికి నాన్నగారి వీడియో ఒకటి చేసి పెట్టమంది. "ఎందులోనూ నాన్న లేరక్కా. అన్నీ ఆయన తీసినవే" అని హార్డ్‌డిస్క్ నా చేతిలో పెట్టింది. పొద్దుపోయేదాకా వెతికాను. ఎంతమంది పెళ్ళికూతుళ్ళో, ఎన్ని పందిళ్ళో. ఆయన ఒక్క చోటా లేరు. నేర్పించిన మనిషిని నాలుగు నిమిషాలు చూపించలేని చదువు నాదీ అని నా మీద నాకే కోపం వచ్చింది.

అప్పుడు అంచు గుర్తొచ్చింది.

కొల్లేరు వీడియో తెరిచి, ఆఖరి క్లిప్పు అంచు పట్టుకుని లాగాను. మొదటిసారి స్పీకర్ పెట్టాను. నీళ్ళు ఒరిగిపోయాయి, పడవ చెక్కలు వచ్చాయి, ఆపైన కింద నుంచి ఆయన మొహం. చెమటతో, కళ్ళు చిట్లించి, ఆపే బటన్ కోసం వెతుకుతున్నారు.

"ఎండగా ఉందమ్మాయ్. నువ్వు వచ్చినప్పుడు పొద్దున్నే వద్దాం."

లోపల అత్తగారు పిలుస్తున్నారు. నేను అంచు ఇంకా లాగాను. ఆయన తీసింది అంతవరకే, అది కదలలేదు.