తడి గోనె, తెరిచిన కిటికీ

మా నాన్న, అదే మా బాపు, మానుకోటలో టాక్సీ నడిపిన రోజుల గురించి నేను చెప్పే కథలు మా ఇంట్లో అందరికీ కంఠస్థం. మహబూబాబాద్ అని ఇప్పుడు బోర్డుల మీద రాస్తున్నారు గానీ మాకది మానుకోటే. అప్పట్లో ఏ టాక్సీలోనూ ఏసీ ఉండేది కాదు. అయినా నడి మే నెలలో తొర్రూరు చేరేసరికి బాపు కారెక్కినవాళ్లు చలికి వణుకుతూ రగ్గులు అడిగేవారనీ, ఒక పెళ్లికొడుకు మీసానికి మంచు పట్టిందనీ చెబుతాను. రగ్గుల మాట అబద్ధం. మీసం మాట ఇంకా పెద్ద అబద్ధం.

ఉపాయాలు మాత్రం నిజం. బంపరు ముందు కాన్వాసు సంచిలో నీళ్లు వేలాడేవి. గాలి తగిలి అవి కుండనీళ్లలా చల్లబడేవి. ముందు డోరు మూలన ఉండే చిన్న తిరుగుడు అద్దాన్ని వంచితే గాలి సూటిగా ముఖానికి కొట్టేది. రెక్సిన్ సీటు మీద తువ్వాల పరవకుండా కూర్చున్నవాళ్లు, చర్మం దానికి అంటుకుపోయి, దిగేటప్పుడు కేక పెట్టి దిగేవారు. అన్నింటినీ మించినది కిటికీకి కట్టే తడి గోనె.

పోయిన మే నెలలో ఆ గోనె నా మెడకే చుట్టుకుంది.

మా అక్క బిడ్డకు కడుపుతో ఏడో నెల. తొలి కాన్పు తల్లిగారింట్లో కావాలి కనుక ఆమెను మహదేవపూర్‌లోని అత్తగారింటి నుంచి జనగామకు తీసుకురావడానికి అక్కా నేనూ నా కారులో ముందు రోజే పోయాము. పొద్దున్నే బయలుదేరితే ఎండ ముదరకముందే ఇల్లు చేరేవాళ్లం. కానీ పిల్ల అత్త పంచాంగం పట్టుకుని గుమ్మంలో నిలబడింది. వర్జ్యం పోయేదాకా కడుపుతో ఉన్న పిల్ల గడప దాటొద్దన్నది. అది పోయేసరికి పదకొండు దాటింది. వర్జ్యం తప్పించుకుని నేరుగా ఎండ నోట్లోకి పోయామన్నమాట.

భూపాలపల్లి చేరేసరికి ఏసీలోంచి వేడిగాలి రాసాగింది. మెకానిక్ బానెట్ ఎత్తి చూసి, కావలసిన సామాను రేపు గానీ రాదన్నాడు. పెళ్లిళ్ల రోజులు కనుక కిరాయి బండి ఒక్కటీ దొరకలేదు.

"వాపస్ పోదామా?" అన్నాను.

"తల్లిగారింటికని ఎల్లిన పిల్లను తొవ్వల నుంచి మర్లేస్తరా ఎవరన్న? మతి ఉండే మాట్లాడుతున్నవా తమ్మీ?" అని అక్క కసిరింది.

వెనక సీట్లో మేనకోడలు కొంగుతో విసురుకుంటూ నవ్వింది. "మామా, నీ గోనె కత ఉన్నది గదా. ఇయ్యాల చేసి చూపియ్యి."

మెకానిక్ షెడ్డు పక్కనే ఒక పెద్దాయన కూలర్లకు గడ్డి తడకలు కడుతున్నాడు. సంగతి చెబితే రెండు గోనె సంచులు నీళ్ల తొట్టిలో ముంచి ఇచ్చాడు. నేను అక్కడా ఊరుకోలేదు.

"మా బాపు బండికి గిట్ల కడితే జనం రగ్గులు కప్పుకునేటోళ్లు చాచా."

"అట్లయితే నాకీ కూలర్ల దుకాణమెందుకు? రేపే బంద్ జేస్త," అన్నాడాయన. తర్వాత కారులోకి చూసి గొంతు తగ్గించాడు. "కడుపుతోటి ఉన్న బిడ్డ. జర పైలం భాయ్."

వెనక కిటికీల అద్దాలు దింపి, గోనెల పైఅంచులు డోర్లలో ఇరికించి మూశాను. వడగాలి రావొద్దని ముందు అద్దాలు పూర్తిగా ఎత్తేశాను. నా కథలో అంతే. కారును ఎక్కడా సందు లేకుండా మూస్తేనే చలి పుడుతుంది.

కాసేపు బాగానే ఉంది. తర్వాత కారు ఇడ్లీ పాత్ర అయింది. ముందు అద్దం మీద ఆవిరి పట్టింది. మేనకోడలి నవ్వు ఆగిపోయింది.

"మామా, కండ్లు తిరుగుతున్నయి." తల్లి వైపు తిరిగి మెల్లగా అన్నది: "అమ్మా, లోపల పొద్దటి సంది ఒకటే తన్నేది. ఇప్పుడు సప్పుడు లేదు."

ఒక చింతచెట్టు కింద కారు ఆపి డోర్లన్నీ బార్లా తెరిచాను. బాపు చేసినదేదో నేను కలిపినదేదో ఎంత తవ్వుకున్నా నాకు తేలలేదు. అక్క తన బిడ్డ ముఖం తుడిచి, మజ్జిగ తాగించి, నా వైపు తిరిగింది.

"అద్దాలన్ని ఎవడు మూయమన్నడు నీకు?"

"బాపు మూసేటోడు గదా."

"బాపు ఎన్నడు మూసిండురా? గాలి వచ్చే దిక్కు గోనె కట్టి, అవతలి దిక్కు అద్దం దించేటోడు. ఆ తెరిచిన కిటికీ కాడ కూసునేదాన్ని నేనే. మూసింది నువ్వు, నీ కతలల్ల."

నిజమే. ఏదో పెళ్లి బంతిలో, కిటికీ తెరిచి ఉందంటే మీసానికి మంచు పట్టిందని ఎవరూ నమ్మరని దాన్ని మూసేశాను. ఆ తర్వాత తెరవడం మరిచిపోయాను.

ఒక గోనె పీకేశాను. రెండోదాన్ని గాలి వచ్చే వైపు మళ్లీ తడిపి కట్టి, పిల్లను దాని పక్కన కూర్చోబెట్టి, అవతలి కిటికీ తెరిచి ఉంచాను. నేరుగా పరకాల దవాఖానకు పోదామన్నది అక్క. నేను కారును అటే పోనిచ్చాను. తడి జనపనార వాసనతో గాలి లోపలికి వచ్చి, ఇటు నుంచి అటు దాటిపోతోంది. రగ్గులు అడిగేంత చలి కాదు. మనిషి ఊపిరి తీసుకునేంత చల్లదనం, అంతే.

"అమ్మా, నీ చెయ్యి ఇటియ్యి," అన్నది మేనకోడలు.

అద్దంలో చూస్తే అక్క తన బిడ్డ కడుపు మీద చెయ్యి పెట్టి, కళ్లు మూసుకుని ఉంది.

"తన్నుతున్నది తమ్మీ. మస్తు తన్నుతున్నది."

పరకాలలో డాక్టరమ్మ లోపలి పిల్ల గుండె చప్పుడు విన్నది. బాగుందన్నది. ఆ తర్వాత ఈ ఎండకు తెచ్చినందుకు మమ్మల్నిద్దరినీ నిలబెట్టి తిట్టింది. ఆ తిట్లు ఎంత తియ్యగా ఉన్నాయో చెప్పలేను. పొద్దు వాలేదాకా అక్కడి వరండాలోనే కూర్చుని, చల్లబడ్డాక బయలుదేరాము.

"జనగామ దాకా ఊకెనే ఏం కూసుంటం మామా," అన్నది మేనకోడలు. "తాత కారు కత చెప్పు. గని ఉన్నదున్నట్టు."

ఒక కిటికీ తెరిచి ఉండేది బిడ్డా, అని మొదలుపెట్టాను.