ఆరింటి బెల్లు

పక్కింటి కాక పోయారని నాకు బేగంపేట మెట్రో మెట్లు దిగుతుండగా తెలిసింది. అమ్మ ఫోన్ చేసి, "మీ కాక ఇగ లేడురా," అన్నది. భోజనం చేసి కుర్చీలో కునుకు తీశారట. మళ్లీ లేవలేదు.

సీతాఫల్‌మండిలో మా రెండిళ్లకూ ఒకటే గోడ. చుట్టరికం లేకపోయినా నాకు ఊహ తెలిసినప్పటి నుంచి ఆయన కాకే. రెజిమెంటల్ బజార్‌లోని చిన్న దుకాణంలో యంత్రాల బోర్డులు బాగుచేసేవారు. ఆదివారాలు ఒకటో రెండో ఇంటికి తెచ్చుకునేవారు. పసుపు వెలుతురులో, అతుకులు వేసే సోల్డర్ పొగ మధ్య ఆయన వంగి కూర్చుంటే, నీళ్ల అడుగున ఎవరో పనిచేస్తున్నట్టు ఉండేది. వచ్చినవాళ్లతో ఒకటే మాట: "ముందుగాల ఏమైందో చెప్పు. ఎందుకైందో తర్వాత జూద్దాం." వార్త రాయడం నేను అక్కడే నేర్చుకున్నాను.

అమ్మ తుంటి విరిగి మంచం పట్టిన ఏడాది, విలేకరిగా నేను పగలంతా బయటే ఉండేవాణ్ని. అమ్మ బటన్ నొక్కితే వాళ్లింట్లో మోగేలా కాక ఒక బెల్లు చేసిపెట్టారు. వాళ్లు వచ్చి ఆపేదాకా అది మోగుతూనే ఉంటుంది. మూడు నెలలు అవసరం పడలేదు. ఒక మధ్యాహ్నం అమ్మ మంచం మీంచి జారిపడింది. చెయ్యి చాపి బటన్ నొక్కింది. మళ్లీ మళ్లీ నొక్కింది. కాక భార్య, మా చిన్నమ్మ, గోడ అవతలే ఉంది. బెల్లు మోగలేదు. నేను వచ్చేదాకా అమ్మ నేల మీదే ఉంది.

కాక వచ్చి బటన్ విప్పారు. లోపల ఒకదానికొకటి తగిలే రేకులను వెలుతురులో తిప్పి తిప్పి చూశారు.

"తప్పు నాదే బిడ్డా," అన్నారు చివరికి. "వాడకపోతే లోపల రేకుల మీద పొర పడ్తది. దాన్ని దాటి పోవాల్నంటే కరెంటుకు జెర దమ్ముండాలె. బ్యాటరీ మిగుల్తదని నేను లక్ష ఓమ్‌ల రెసిస్టర్ పెట్టిన. నొక్కినప్పుడే గద కరెంటు పోయేది! అండ్ల మిగిల్చి ఏం జేస్త?"

నాకు అర్థమైనంతలో చెబుతాను. బటన్ నొక్కనప్పుడు బటన్ నుంచి బెల్లు బోర్డుకు వెళ్లే తీగలో వోల్టేజిని పైకి పట్టి ఉంచే చిన్న భాగాన్ని పుల్-అప్ రెసిస్టర్ అంటారు. దాని విలువ మరీ ఎక్కువైతే, నొక్కినప్పుడు బటన్ గుండా పారే కరెంటు మరీ తగ్గిపోయి, ఆ పొరను దాటలేదు. వేలు నొక్కుతుంది, బోర్డుకు తెలియదు.

రేకులు గీకితే చాలదా అని అడిగాను.

"ఇయాల పనిచేస్తది. వచ్చే నెల?" అంటూ లక్షది తీసేసి వెయ్యి ఓమ్‌లది అతికించారు.

మంచం మీంచి అమ్మ అందుకుంది. "గింత పెద్ద మెకానిక్‌వి, బ్యాటరీ కాడ పీనాసితనమేందయ్యా?"

"బుద్ధొచ్చింది వదినా. రోజు ఆరింటికి ఒక్కసారి నొక్కు. బెల్లు మోగుడు నేను ఇంట."

ఆ రోజు నుంచి దుకాణం గంట ముందే కట్టేసి వచ్చేవారు. ఆరింటికి అమ్మ నొక్కేది. గోడ అవతల బెల్లు మోగేది, వెంటనే ఆయన గొంతు: "ఇనబడ్డది వదినా!" అమ్మ లేచి నడిచాక కూడా ఇద్దరూ మానలేదు. ఆయన జ్వరంతో పడుకున్నప్పుడూ ఆ మాట వచ్చింది, కాస్త ఆలస్యంగా.

ఆయన పోయాక అమ్మ ఆ బటన్ జోలికి పోలేదు. దినాలు అయిపోయిన మర్నాడు, ఆరు కావస్తుండగా, దాని పక్కన కూర్చుంది.

"నొక్కాల్నారా, వద్దా?"

అమ్మ వేలు పెట్టింది, తీసింది, మళ్లీ పెట్టి నొక్కింది. గోడ అవతల బెల్లు మోగింది. మోగుతూనే ఉంది. తర్వాత ఎవరో ఆపారు.

"ఇనబడ్డదక్కా," అన్నది చిన్నమ్మ.

కిటికీలో వెలుతురు సన్నగిల్లుతోంది. అమ్మ వేలు ఇంకా బటన్ మీదే ఉంది.